జాబరమ్మ జొన్న మేసిన నవమి

సోలాపూర్ శివార్లలో కుంఠా నాకా దాటి, సాంచెల, అంటే మరమగ్గాల, షెడ్లు ఒక్కొక్కటిగా పలచబడి, నల్లరేగడి మొదలయ్యే చోట పెంటప్పకు ఎకరంన్నర భూమి ఉండేది. పొలమంటే పొలం, పెరడంటే పెరడు. మూలన ఒక రేకుల ఇల్లు. ఇంట్లో సగం మగ్గం, మిగిలిన సగం సంసారం. గోడకు అవతల కొట్టంలో ఒక బర్రె, రెండు మేకలు, అతని భార్య చంద్రభాగ ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఒకటి తక్కువో ఎక్కువో తేలే కోళ్ళు.

మిల్లులో ఇరవై రెండేళ్ళు చేసి బయటికి వచ్చినప్పుడు, ఇక ఒకడి కింద పని చెయ్యనని పెంటప్ప ఒట్టు పెట్టుకున్నాడు. ఈ భూమి తీసుకున్నాడు. తెలుగు నేతగాళ్ళు ఉండే భవాని పేట మొత్తం నవ్వింది. నాగలి ఏ చేత్తో పట్టుకుంటారో తెలియనివాడికి ఎవుసం ఏందని చాయ్ హోటల్లో ఒక వారం అదే ముచ్చట. కొడుకులిద్దరూ పేటలోనే సాంచెల మీద కుదురుకుని, "నాయినా, పాలు మాత్రం పంపు" అన్నారు. అలా పెంటప్ప, చంద్రభాగ, ఆ మూగజీవాలూ కలిసి ఒక కాపురం అయ్యారు.

బర్రెకు పేరు దానంతట అదే వచ్చింది. కొట్టానికీ మగ్గానికీ మధ్య గోడలో ఒక కిటికీ ఉంది. పెంటప్ప మగ్గం మీద కూర్చుంటే బర్రె అందులోంచి తల దూర్చి కదలకుండా చూసేది. బీడీ కోసం చెయ్యి ఆపాడా, బుస్సుమని ముక్కుతో గాలి వదిలేది. మిల్లులో నేతగాళ్ళ నెత్తిన నిలబడి పని చేయించే జాబరు కూడా అచ్చం అలాగే చూసేవాడు, అలాగే బుసకొట్టేవాడు. "ఒక జాబర్ నుంచి తప్పిచ్చుకొని ఇంకో జాబర్ చేతిల పడితి గదనే" అన్నాడు పెంటప్ప. ఆనాటి నుంచి అది జాబరమ్మ.

ఎనభై ఆరో సంవత్సరం అది. హస్త కార్తెలో వాన మొహం చాటేసింది. పొద్దున చలి, మధ్యాహ్నానికి మాడు పగిలే ఎండ. చంద్రభాగ తెల్లవారకముందే గట్ల వెంట తిరిగి బతుకమ్మకు గునుగు, తంగేడు కోసుకొచ్చేది. వెనకాలే మేకలు. ఆమె ముందు కోస్తుంటే అవి వెనక నుంచి ఒళ్ళోని పూలు తినేవి. ఇంటికి వచ్చి చూస్తే సగం పూలే ఉండేవి, మేకలేమో అమాయకంగా మరో వైపు చూస్తూ నిలబడేవి. పెంటప్ప రోజుకో గడ్డిమోపు కోసుకొచ్చి జాబరమ్మ ముందు వేసి, కడుపు మీద చెయ్యి పెట్టి చూసేవాడు. లోపల దూడ తన్నినప్పుడు మొహం వెలిగిపోయేది. దీపావళి దాటిన వారానికి ఈనుతుందని బాలయ్య చెప్పాడు. బాలయ్య పశువుల దవాఖానలో కాంపౌండరుగా చేసి దిగిపోయిన పెద్దమనిషి, నాకా దగ్గరే ఉంటాడు. ఆ చుట్టుపక్కల పశువులకు ఆయన మాటే మాట.

పక్క చేను విఠల్‌ది. మరాఠీ రైతు. ముప్పై ఏళ్ళుగా తెలుగువాళ్ళ మధ్య ఉండి ఉండి, రెండు భాషలనూ కలిపి దంచి మాట్లాడేవాడు. పెంటప్ప అతన్ని మరాఠీలో అన్నా అన్నట్టు 'భావూ' అని పిలిచేవాడు. ఆ ఏడు అతని జొన్న మోకాలి ఎత్తుకు వచ్చి, వాన లేక ఆకులు చుట్టుకుని, నీలిగా తిరిగి ఆగిపోయింది.

పదిహేను రోజుల కింద మేక ఒకటి గట్టు దాటితే విఠల్ దాన్ని చెవి పట్టుకుని తెచ్చి అప్పజెప్పాడు. "పెంటప్పా, ఐక్, నా మాట వినుకో. ఈ ఏడు పానీ లేదు. జొన్నల నాము పుట్టింది. నా పంట పోతదని కాదు చెప్పేది, నీ జనావర్, నీ పసువు పోతది. సంభాల్, జాగ్రత్త."

నాము అంటే రైతులకు చెప్పనక్కరలేదు. వానకు మొహం వాచిన లేత జొన్నలో పుట్టే విషం. పశువు ఆశగా పది నోళ్ళు మేస్తే చాలు, మేసిన చోటే కూలబడుతుంది. విఠల్ మంచికే చెప్పాడు. పెంటప్పకు మాత్రం అది నలుగురిలో చెంపదెబ్బలా తగిలింది. ఎవుసం రాదని అందరూ అంటున్న మాటే ఇతనూ మరో విధంగా అంటున్నాడని.

"మేకంటే మేక, చిన్న పానం. జాబరమ్మ సంగతి నాకిడిచిపెట్టు భావూ. నా చేతి ముడి ఇప్పుకొని పొయ్యే పసువు ఇంకా పుట్టలే" అన్నాడు.

ముడి విషయంలో పెంటప్ప గర్వం ఊరికే వచ్చింది కాదు. మగ్గం మీద పోగు తెగితే బొటనవేలూ చూపుడువేలూ కలిసి ఏదో గుసగుసలాడినట్టు కదిలేవి, అంతే, పోగు అతుక్కునేది. ఆ ముడి బట్టలో వెతికినా దొరకదు, లాగినా జారదు. మిల్లులో కొత్తగా చేరినవాళ్ళను అతని దగ్గర నిలబెట్టి నేర్పించేవారు. తాగిన మనిషి పంచె దగ్గర నుంచి పెళ్ళి పందిరి దాకా ఎక్కడ ముడి కనబడినా పెంటప్ప ఒకసారి లాగి చూసి, పెదవి విరిచి, తీసి మళ్ళీ కట్టేవాడు. పేటలో ఆ బాధ పడనివాళ్ళు లేరు.

దసరాకు ముందు రోజు ఖండే నవమి. ఆ రోజు సోలాపూర్ నేతగాళ్ళు పనిముట్టు ముట్టరు. మగ్గం, పోగు నడిపే నాడె, కత్తెర, కొడవలి, అన్నం పెట్టే ఇనుమైనా కట్టైనా కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూలు చుట్టి కూర్చోబెడతారు. మర్నాడు దసరా హారతి అయ్యేదాకా వాటిని కదిలించరు. ఈ నియమంలో పెంటప్ప మరీ గట్టి. కూరగాయల కత్తిపీటను కూడా పూజలో పెట్టించి, ఆ పూటకు చంద్రభాగ చేత వంకాయలు చేత్తో చిదిమించేవాడు.

ఆ పొద్దున గడ్డి వెయ్యడానికి కొట్టంలోకి పోయి చూస్తే జాబరమ్మ పలుపు నడుమ పురులు తెగి, రెండు పురుల మీద వేలాడుతోంది. పాడైన ముక్క కోసేసి, మంచి కొసలు రెండూ పేని కట్టాలి. కోసేందుకు కొడవలి కావాలి. కొడవలి మగ్గం ముందు బంతిపూల కింద పెళ్ళికూతురిలా కూర్చుని ఉంది.

"దాన్ని ముట్టినవంటే నేనూకోను" అంది చంద్రభాగ లోపలి నుంచి. "ఏడాదికొక్క దినం. నువ్వే పెట్టిన రూలు."

"ముట్టను తియ్యే. తాడు తెగింది, ఎట్ల మరి?"

"విఠలన్న నడుగు. ఇంకో పలుపు ఇస్తడు."

విఠల్‌ను అడగడమా? పదిహేను రోజుల కింద అన్ని మాటలు చెప్పి, ఇప్పుడు పోయి తాడు లేదనడమా? పెంటప్ప ఆ రెండు పురులనూ కాలితో తొక్కి తెంపాడు. మిగిలిన రెండు కొసలనూ దగ్గరికి తెచ్చి, బొటనవేలూ చూపుడువేలూ ఆడించి, పోగు అతికినట్టు అతికాడు.

చంద్రభాగ చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. "ఏందయ్యా అది? నూలు అతికినట్టు అతికినవ్?"

"ముడి ముడే."

"గది నూలు. ఇది నార తాడు. అవతలున్నది బర్రె."

"ఇరవై రెండేండ్లల నా ముడి ఒక్కటి జారిందా? చెప్పు. జారిందా? నువ్వు పోయి నీ బతుకమ్మ పేర్చుకో."

తప్పు అక్కడే జరిగింది. ఆ ముడి నిలవాలంటే దాని మీద బిగువు ఎడతెగకుండా ఉండాలి. మగ్గం మీద పోగు పొద్దస్తమానం బిగువుగానే ఉంటుంది, కాబట్టి నిలుస్తుంది. బర్రె మెడ తాడు అలా కాదు. ఒకసారి లాగుతుంది, ఒకసారి వదులు చేస్తుంది, మెడ విదిలిస్తుంది. విదిలించిన ప్రతిసారీ ముడి కాస్త నోరు తెరుస్తుంది. రైతుబిడ్డ అయితే పదేళ్ళవాడికి తెలిసే సంగతి. పెంటప్ప మగ్గం పక్కన పెరిగినవాడు.

దానికి తోడు ఆ రోజు జాబరమ్మ మనసు కూడా కుదురుగా లేదు. పుట్టినప్పటి నుంచి దాని చెవుల్లో సాంచెల చప్పుడే. నాకా వైపు నుంచి రాత్రీ పగలూ టకటకమనే ఆ మోత మధ్యనే అది మేసింది, పడుకుంది, పాలిచ్చింది. నవమి కాబట్టి అన్ని షెడ్లూ ఒక్కసారి మూతపడ్డాయి. ఎక్కడా చప్పుడు లేదు. జాబరమ్మ చెవులు నిలబెట్టి, ఏదో ఆపద వచ్చినట్టు అటూ ఇటూ తిరుగుతూ మెడ విదిలించడం మొదలుపెట్టింది.

పెంటప్ప చాయ్ తాగి, బంతిపూల మధ్య మెరుస్తున్న మగ్గాన్ని చూసుకుంటూ తృప్తిగా కూర్చున్నాడు. కొంతసేపటికి ఏదో లోటుగా అనిపించింది. ఏమిటా అని చూస్తే కిటికీ ఖాళీగా ఉంది.

కొట్టంలోకి పోయాడు. గుంజకు సగం తాడు వేలాడుతోంది. దాని కొస పొద్దున తను తెంపినట్టే ఉంది. కొత్తగా తెగలేదు, చిరగలేదు. ముడి అన్నది అక్కడ ఎన్నడూ లేనట్టే ఉంది.

గట్టు మీదికి పరుగెత్తాడు. విఠల్ జొన్నలో, ముందుకాళ్ళు రెండూ చేలోకి పెట్టి, మెడకు మిగతా సగం తాడు వేలాడేసుకుని, జాబరమ్మ మహా ప్రశాంతంగా మేస్తోంది.

"ఓ తల్లీ... నడువే... నీ కాల్మొక్త నడువే..." పెంటప్ప దాన్ని గుసగుసగా తిట్టాడు. గట్టిగా తిడితే విఠల్ వింటాడు. బర్రె గుసగుసలకు కదిలే జంతువు కాదు. తాడు లాగి, మూతి మీద కొట్టి, వెనక నుంచి భుజంతో తోసి, ఎలాగో గట్టు దాటించేసరికి చొక్కా మొత్తం తడిసిపోయింది. కొట్టంలో కట్టేశాడు, ఈసారి మూడు పేటల ముడి. మళ్ళీ గట్టు దగ్గరికి పోయి చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. భుజం మీది తువ్వాల తీసి గిట్టల గుర్తులు ఊడ్చాడు. వంగిన మొక్కలను ఒక్కొక్కటే నిలబెట్టాడు. మొదలు దాకా కొరికిన మొక్కల దగ్గర మట్టి ఎగదోశాడు. అక్కడ ఒకటీ రెండూ కాదు, చాపంత మడి పోయింది.

ఎంత మేసిందో? మరీ ఎక్కువ ఉండదు. ఉండకూడదు.

ఇంట్లోకి వచ్చాడు. చంద్రభాగ గునుగు పూలకు రంగు అద్దుతోంది. "గీ చెమటలేంది?" అంది.

"ఎండ."

చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే ఏమవుతుందో కూడా కళ్ళ ముందు కనబడింది. ముందు ఈమె నవ్వుతుంది. సాయంత్రం బతుకమ్మ ఆట దగ్గర నలభై మంది ఆడవాళ్ళు నవ్వుతారు. రేపు జమ్మి ఆకు ఇచ్చిపుచ్చుకునే వేళకు పేట మొత్తం, "పెంటప్పా, జర మా పంచె ముడి చూడరాదె" అంటుంది. నోరు మూసుకున్నాడు. కిటికీలోంచి జాబరమ్మను చూస్తూ కూర్చున్నాడు. అది నిలబడే ఉంది. చూశావా, ఏం కాలేదు అనుకున్నాడు. తోక ఆడిస్తోంది. ఏం కాదు. కళ్ళు కాస్త ఎర్రగా ఉన్నాయి. ఎండకు. తొడలు వణికినట్టున్నాయి. ఈగలకు.

గోడ అదిరింది. జాబరమ్మ ముందు మోకాళ్ళు మడతపడ్డాయి.

చంద్రభాగ పూలు విసిరేసి పరుగెత్తింది. బర్రె నోటి నుంచి నురగ. కొలిమితిత్తిలా ఊపిరి. ఒళ్ళంతా వణుకు. "అయ్యో నా తల్లీ! ఏమైందే? ఏమైందయ్యా దీనికి?"

"ఎండదెబ్బ గావచ్చు."

"నీడపట్టున ఉన్న బర్రెకు ఎండదెబ్బేంది? ఏం చూస్తవ్, బాలయ్య మామను తోలుకరాపో! కడుపుల దూడున్నదయ్యా!"

పెంటప్ప సైకిలెక్కాడు. బాలయ్య ఇంటి ముందు దిగేదాకా ఊపిరి తీసుకున్నాడో లేదో. బాలయ్య సంచీ సర్దుకుంటూ అడిగాడు, "ఏం మేసిందిరా?"

"గడ్డి మామా. దినాం మేసేదే."

ఆ మాట అనగానే నాలుక చేదయింది. అయినా వెనక్కి తీసుకోలేదు. బాలయ్యను వెనక కూర్చోబెట్టుకుని తొక్కాడు.

వచ్చేసరికి చంద్రభాగ కేకలకు విఠల్ అక్కడ ఉన్నాడు. జాబరమ్మ తలను ఒళ్ళోకి ఎత్తుకుని, తన తలపాగాతో దాని నురగ తుడుస్తున్నాడు. పెంటప్ప అతని కళ్ళలోకి చూడలేకపోయాడు.

బాలయ్య ఎడమ డొక్క మీద వేళ్ళతో కొట్టి విన్నాడు. కనురెప్ప తిప్పి చూశాడు. "కడుపు కొద్దిగ ఉబ్బింది. ఉబ్బరమైతే డొక్కల సూది దింపి గాలి తియ్యాలె. వేరేదైతే వేరే మందు. చూలుతోని ఉన్నది, ఊకెనే పొడవద్దు. సక్కగ చెప్పు, ఏం మేసింది?"

"జ్వారీ ఖాల్లీ కా?" అన్నాడు విఠల్ మెల్లగా. జొన్న తిన్నదా అని.

"లే! లే భావూ, కొట్టం ఇడిచి యాడికి పోలే." ఆ అబద్ధం పెంటప్ప అనుమతి లేకుండానే బయటికి దూకింది.

బాలయ్య సంచీలోంచి సూది తీశాడు. సూది కాదది, చిటికెన వేలంత గొట్టం, కొస పదునుగా. డొక్క మీద జాగా వెతికి ఎడమ బొటనవేలు ఆనించాడు. జాబరమ్మ కన్ను ఒకటి తిరిగి పెంటప్ప మీద నిలిచింది. కిటికీలోంచి చూసే చూపే.

పెంటప్ప బాలయ్య మణికట్టు పట్టుకున్నాడు.

"పొడవకు మామా. జొన్నే తిన్నది. విఠల్ చేన్ల. నేనే చూసిన, నేనే గుంజుకొచ్చిన."

చంద్రభాగ చెయ్యి బర్రె మెడ మీదే ఆగిపోయింది.

"ఎంతసేపాయె?" అన్నాడు బాలయ్య.

"నీ ఇంటికి రాకముందు... ఇరవై నిమిషాలు. ఎక్కువనే గావచ్చు."

"నీ అవ్వ! అప్పుడు చెప్పవేందిరా!" బాలయ్య గొట్టాన్ని సంచీలోకి విసిరి మరో పెట్టె లాగాడు. విఠల్ లేచి తన ఇంటి వైపు పరుగెత్తాడు. అయిపోయింది అనుకున్నాడు పెంటప్ప. పది మందిని పిలుచుకొస్తాడు, చేను చూపిస్తాడు, ఇంక బర్రె చచ్చినా బతికినా మొహం చూపించేది లేదు.

విఠల్ ఒక్కడే వచ్చాడు. చంకలో పెద్ద బెల్లం దిమ్మ. "వహినీ, నీళ్ళు తెండి, జల్దీ!" అని చంద్రభాగను కేకేసి, దాన్ని రాయి మీద వేసి బద్దలు కొట్టడం మొదలుపెట్టాడు. వెదురుగొట్టంతో బెల్లం నీళ్ళు గుటక గుటకగా పోశారు. బాలయ్య మెడ నరంలోకి మందు ఎక్కించి, ఖాళీ సీసా చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఉన్నది గిదొక్కటే. దూడకు సరిపోతది, గింత బర్రెకు ఏమూలకు? దవాఖాన ఇయ్యాల బంద్. హైపో అని ఉంటది, ఉప్పు తీర్గ. అది నీళ్ళల కలిపి తాపితే కడుపులున్న ఇసం ఇరుగుతది. ఫొటోలు కడిగేటోళ్ళ కాడ దొరుకు, గని ఇయ్యాల ఎవడు తెరుస్తడు?"

"తెల్లగ, కలకండ పలుకుల తీర్గ ఉంటది, గదేనా?" అంది చంద్రభాగ. "నూలు తెలుపు చేసినంక బ్లీచింగ్ ఘాటు ఇరగనీకి ఏస్తరు. నరసన్న రంగుల ఖార్ఖాన్ల డబ్బా నిండ ఉన్నది. నేను నూలు లడీలు ఆరేయ పోయినప్పుడు చూసిన."

"గదే! రంగు అంటని డబ్బా తేవాలె. అరగంట దాటనియ్యొద్దు."

పెంటప్ప సైకిల్ గొలుసు ఎప్పుడు ఊడిందో ఊడింది. విఠల్ తన సైకిల్ అతని ముందుకు తోశాడు. తీసుకుంటూ "భావూ..." అన్నాడు పెంటప్ప. "బాద్ మే, తర్వాత" అన్నాడు విఠల్. "ముందు జా."

నరసయ్య రంగుల కార్ఖానా నాకా ఇవతలే. అతనూ పెంటప్పా ఒక ఈడువాళ్ళు, వరసకు బావా బావా అనుకుంటారు. ఏడాదంతా మోచేతుల దాకా నీలం ఎరుపు పూసుకుని ఉండే నరసయ్య ఆ రోజు తెల్లటి బనీను వేసుకుని, గడప మీద కూర్చుని ఉన్నాడు. లోపల తక్కెడ, కడవలు, డబ్బాలు వరసగా పసుపు బొట్లు పెట్టుకుని బంతిమాలల కింద ఉన్నాయి.

పెంటప్ప సైకిల్ దిగకముందే చెప్పేశాడు. బర్రె. జొన్న. హైపో. అరగంట.

నరసయ్య లేచాడు, రెండడుగులు వేశాడు, ఆగాడు. "బావా, డబ్బా పూజల ఉన్నది."

"పానం పోతున్నదే!"

"అర్థమయితది. గని పోయినేడు ఇదే దినం ఒక డబ్బా పక్కకు జరిపితే నువ్వేమన్నవ్? నలుగుట్ల నిలబెట్టి, నవమి నాడు పనిముట్టు కదిపినోడు పనిమంతుడే కాదన్నవ్. నా పెండ్లాం ముంగట. ఆమె ఇంకా అంటనే ఉన్నది."

పెంటప్పకు గుర్తుంది. ఆ రోజు ఎంత బాగా మాట్లాడానని ఇంటికి వచ్చి సంబరపడిన సంగతి కూడా గుర్తుంది. "తప్పయింది బావా. చెప్పు తీసుకొని కొట్టు, గని డబ్బా ఇయ్యి."

నరసయ్య తల గోక్కున్నాడు. చెడ్డవాడు కాదు. అమ్మవారికి ఏమని చెప్పుకోవాలో తోచక నిలబడ్డాడు. "అసలు ఎట్ల ఇప్పుకున్నదే? నీ కొట్టంల తాడు నువ్వే కడతవ్ గద?"

"చంద్రభాగ..." అని మొదలుపెట్టాడు పెంటప్ప. నురగ మధ్య చేతులు పెట్టి కూర్చున్న ఆమె గుర్తొచ్చింది. "ఆమె కాదు. నేనే కట్టిన. నా ముడి జారింది."

నరసయ్య నోరు తెరిచి చూశాడు. "నీ ముడా?"

"నా ముడే."

"పోగు ముడా? గా రెండు వేళ్ళ ముడా?"

"గదే బావా. అతికిన. జారింది."

"ఇంకొక్కసారి చెప్పు."

"నా ముడి జారిందిరా నాయినా!" పెంటప్ప అరిచాడు. వీధి అంతా నిశ్శబ్దంగా ఉంది కదా, ఎదురింటి గడప మీద చాటలో బియ్యం ఏరుతున్న ముసలామె తలెత్తి మరీ విన్నది.

నరసయ్య మెల్లగా చెంపలు వేసుకున్నాడు. "నీ ముడే జారినంక నా పూజ కదిలితే ఏం కొంప మునగదు" అంటూ లోపలికి పోయి, డబ్బాలకు దండం పెట్టి, తెల్ల డబ్బా మీది మాల తీసి పక్క డబ్బా మెడలో వేసి, మూత తెరిచాడు.

తిరిగి వచ్చేటప్పుడు పెంటప్పకు దారి కనబడలేదు. పొట్లం చొక్కా లోపల, ఛాతీకి ఆనించి ఉంది. కార్ఖానాల మీద కట్టిన మామిడి తోరణాలు ఒక్కటొక్కటే వెనక్కి పోతున్నాయి. చెవులు గింగిర్లెత్తే నిశ్శబ్దం. ఇరవై నిమిషాలు, ఇరవై నిమిషాలు అని పెడల్ ప్రతి చుట్టుకూ అన్నట్టుంది. నవ్వుతారని దాచుకున్న ఇరవై నిమిషాలు.

అతను వచ్చేసరికి జాబరమ్మ పక్కకు ఒరిగిపోయి ఉంది. కన్ను సగం మూసుకుంది. బాలయ్య పొట్లం లాక్కుని, నాలుకతో ఒక పలుకు రుచి చూసి, నీళ్ళలో కలిపాడు. విఠల్ దవడ తెరిచాడు. చంద్రభాగ తల ఎత్తి పట్టింది. పెంటప్ప గొట్టం పట్టుకుని పోశాడు. సగం గడ్డం వెంట కారింది. మళ్ళీ కలిపారు, మళ్ళీ పోశారు. కుదుపుకు ఒకసారి జాబరమ్మ దగ్గి, బెల్లమూ నురగా కలిపి పెంటప్ప పండుగ చొక్కా మీద కక్కింది. అతను తుడుచుకోలేదు.

"ఇగ మన చేతుల లేదు" అన్నాడు బాలయ్య గోడకు ఆనుకుని. "నెమరేస్తే బతికినట్టు. లేకుంటే రెండు పానాలూ పోయినట్టే."

నలుగురూ నేల మీద కూర్చుని ఒక బర్రె దవడను చూస్తూ ఉండిపోయారు. ఊపిరి కాస్త నెమ్మదించింది. అది మంచికో చెడుకో బాలయ్య చెప్పలేదు. ఎండ కొట్టం గడప దాటి లోపలికి వచ్చింది. మేకలు కూడా ఎందుకో అరవలేదు.

విఠల్ లేచి గట్టు దాకా పోయి వచ్చాడు. మళ్ళీ కూర్చుని, నురగ అంటిన తలపాగా మడిచాడు. చివరికి అన్నాడు, "పెంటప్పా, ఒకటి పూఛూ, అడగనా? నీ బర్రె తిన్నంక జాగా ఊడుస్తదా? నా చేన్ల అంతట తువ్వాల గీతలున్నయ్."

పెంటప్ప తల మోకాళ్ళలోకి పోయింది. "నీ పంట..."

"పంట మళ్ళ వస్తది. నువ్వొచ్చి నాతోని విత్తు, అంతే. నేను చూసినుంటే ఏం చేస్తుంటినని తుడిచినవ్? తిడుతుంటి. తిట్టుకుంట బెల్లం తెస్తుంటి."

చంద్రభాగ భర్త వైపు తిరిగింది. "నాకెందుకు చెప్పలే?"

అతను చేతిలోని తువ్వాలను నలిపాడు.

"నేను పక్కనే కూసున్న. అడిగిన. ఎండ అంటివి. నాకెందుకు చెప్పలేదయ్యా?"

"నవ్వుతవని."

చంద్రభాగ నవ్వలేదు. అతన్ని అలా చూసి, మళ్ళీ జాబరమ్మ మెడ మీద చెయ్యి వేసింది. ఆ చూపు కన్నా నలభై మంది నవ్వు నయమనిపించింది పెంటప్పకు. జీవితంలో మొదటిసారి ఎవరైనా తనను చూసి నవ్వితే బాగుండునని కోరుకున్నాడు.

చాలాసేపటికి జాబరమ్మ చెవి ఒకటి ఆడింది. ఈగ కోసం కావచ్చు. ఆ తర్వాత రెండు ముందుకాళ్ళూ పొట్ట కిందికి లాక్కుంది. తల దానంతట అది ఎత్తింది. బాలయ్య ఎవరూ కదలొద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. మెడ కింద నుంచి ఏదో ముద్ద పైకి పాకినట్టు కనబడింది. దవడ ఎడమకు పోయింది. ఆగింది. పెంటప్ప ఊపిరి కూడా దాంతో పాటే ఆగింది.

దవడ కుడికి వచ్చింది. మళ్ళీ ఎడమకు. మళ్ళీ కుడికి.

బాలయ్య పొట్ట మీద అరచెయ్యి పెట్టి, కాసేపు కళ్ళు మూసుకుని, "తంతున్నది" అన్నాడు.

చంద్రభాగకు ముందు ఏడుపు వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు కదులుతున్నాయి. పెంటప్ప భయపడి దగ్గరికి జరిగాడు. కొంగు తీసి అతన్ని చూసింది, బెల్లపు నురగ చొక్కాను చూసింది, చేతిలో మట్టి పట్టిన ఆ తువ్వాలను చూసింది. ఇక ఆపుకోలేకపోయింది. "చేను... ఊడిచినవా... తువ్వాలతోని?" అంటూ బర్రె మెడ మీదికే వాలిపోయి నవ్వింది. విఠల్ తొడలు చరుచుకున్నాడు. బాలయ్య దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ, "ఇరవై రెండేండ్ల ముడి!" అన్నాడు.

పెంటప్ప చెవులు ఎర్రబడ్డాయి. వాళ్ళ మధ్యే కూర్చున్నాడు. చాలించండని అనలేదు. జాబరమ్మ దవడనే చూస్తూ, వాళ్ళు ఆగబోతున్నట్టు అనిపించినప్పుడు, "ఒంగిన మొక్కలు కూడ నిలబెట్టిన" అన్నాడు.